ఏటికన్నా ముందొచ్చే కబురు

వరద రాత్రి వంశధార నది మీది గొట్టా బ్యారేజీలో పదేపదే వినిపించే ప్రశ్న ఒకటుంది: "ఎక్కుతోందా, నిలబడిందా?" నీటిమట్టం ఎంతన్నది ఆ తర్వాతి సంగతి. కుర్ర అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) అడుగుతాడు, లైటు పట్టుకుని గేజీ దగ్గర నిల్చున్న లస్కరు చెబుతాడు.

"బాబాయ్, గంట కిందటి మీద ఎంత ఎక్కింది?"

"పది సెంటీమీటర్లు ఎక్కింది సార్."

"దుంగలొస్తున్నాయా?"

"వస్తున్నాయి సార్. పచ్చి కొమ్మలు కూడా."

ఈ నాలుగు ముక్కలూ డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకి (డీఈఈ), అక్కడి నుంచి ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకి (ఈఈ), సూపరింటెండింగ్ ఇంజినీరుకి (ఎస్‌ఈ), కలెక్టరేట్‌లోని కంట్రోల్ రూముకి చేరేసరికి ఒక అంకె, ఒక బాణం గుర్తు మాత్రమే మిగులుతాయి. మర్నాడు పేపర్లో గేట్లెత్తిన ఫొటో వస్తుంది. ఆ ఫొటో వెనక ఒక పనితనం ఉంది. గేట్లెత్తే మోటార్ల గురించి కాదు నేను చెప్పబోయేది. ఎప్పుడెత్తాలో, ఎన్నెత్తాలో, ఎవరికి ముందు చెప్పాలో తేల్చుకోవడానికి ఇంజినీర్లు సమాచారాన్ని ఎలా కూడబెడతారో, కూడబెట్టినదాన్ని ఎలా వాడతారో చెబుతాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జలవనరుల శాఖ ఇంజినీర్ల దగ్గర ఆ విద్య బాగా పదునెక్కింది. పదునెక్కక తప్పలేదు కూడా. వంశధార, నాగావళి రెండూ పుట్టింది ఒడిశాలో, కలిసేది మన సముద్రంలో.

వంశధార కలహండి జిల్లా తువామూల్ రాంపూర్ కొండల్లో పుట్టి, రాయగడ జిల్లాలో గుడారి, గుణుపురం దాటి, గజపతి జిల్లా కాశీనగర్ పక్క నుంచి భామిని మండలంలో మన నేలకు వస్తుంది. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ. అక్కణ్నుంచి శ్రీముఖలింగం మీదుగా కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. మొత్తం పొడవు సుమారు 254 కిలోమీటర్లు. నీరు దిగే పరీవాహక ప్రాంతం సుమారు 10,830 చదరపు కిలోమీటర్లు, అందులో నాలుగింట మూడొంతులకు దగ్గరగా ఒడిశాలోనే ఉంది. అంటే హిరమండలంలో చినుకు పడకపోయినా గొట్టాకు వరద రావచ్చు. ఆకాశం చూసి చెప్పే విద్య ఇక్కడ చెల్లదు.

గొట్టా నీటిని నిలబెట్టి కాలువల్లోకి మళ్లించే బ్యారేజీ. వరదను కడుపులో దాచుకునే జలాశయం కాదు. వచ్చిన నీటిని వచ్చినట్టే వదలాలి. గేట్లు తొందరపడి ఎత్తేస్తే బ్యారేజీ వెనక నీటిమట్టం పడిపోయి ఎడమ, కుడి కాలువలకు నీరందదు. నాట్ల సమయంలో అయితే శివారు రైతు నేరుగా ఆఫీసు మెట్లెక్కుతాడు. ఆలస్యంగా ఎత్తితే నీరు ఎగువకు ఎగదన్ని పొలాలు ముంచుతుంది. ఒక్కసారిగా ఎత్తితే దిగువన ఇసుక తిన్నెల మీద ఉన్న మనుషులకూ గొడ్లకూ ముప్పు. మూడు తప్పులకూ జాగా ఉన్న పని ఇది. ఒప్పుకు ఉన్న జాగా బహు ఇరుకు. ఆ ఇరుకును కాస్త వెడల్పు చేసేది ముందుగా అందే కబురు ఒక్కటే.

ముందు గేజీ సంగతి. తెల్లటి ఎనామిల్ పలక మీద నల్ల గీతలు, సెంటీమీటర్ల లెక్కన. ఒడ్డు మెట్లు దిగుతున్నట్టుగా ఒక స్తంభం తర్వాత మరొకటి పాతుతారు. పై స్తంభం మొదలయ్యే చోటికి కింది స్తంభం కాస్త ఎగబాకి ఉంటుంది, మధ్యలో ఖాళీ ఉండకూడదని. ఏటా వానలకు ముందు లెవెల్ మిషను పెట్టి ప్రతి స్తంభం సున్నాను సముద్ర మట్టంతో సరిచూడాలి. చూడకపోతే ఏడాదంతా చదివినవన్నీ అంతే తేడాతో తప్పు. వరదలో నీరు అద్దంలా ఉండదు, అల లేస్తుంది, పడుతుంది. లేచినప్పటిదీ పడినప్పటిదీ చూసి నడిమిది రాయాలి. స్తంభానికి చెత్త పేరుకుంటే దాని ముందు నీరు ఉబ్బి ఎక్కువ చూపిస్తుంది, దాన్ని తీసి చదవాలి. రాత్రి, వానలో, పాచి పట్టిన మెట్ల మీద ఈ పని చేసే మనిషి జీతం ఏ పాటిదో తెలిసిందే. జిల్లాలో అతి పెద్ద నిర్ణయాలన్నీ మాత్రం అతని కంటి మీదే ఆధారపడతాయి. మంచి ఈఈ ఎవరంటే, మే నెలలోనే వెళ్లి ఆ మెట్లకు రెయిలింగ్ ఉందో లేదో చూసుకునేవాడు. సమాచార సేకరణ అంటే మొదట అదే.

మట్టం తెలిస్తే సరిపోదు, ఎంత నీరు పారుతోందో తెలియాలి. నదికి అడ్డంగా లోతులు కొలిచి, గిన్నెల చక్రం ఉన్న కరెంట్ మీటరును నీళ్లలోకి దించి వేగం పడతారు. పైనుంచి పదింట ఆరు వంతుల లోతులో దొరికే వేగం ఆ నిలువు మొత్తానికీ సగటు వేగానికి దగ్గరగా ఉంటుందన్నది పాత అనుభవం. ఇలా ఎన్నోసార్లు కొలిచి, ఇంత మట్టానికి ఇన్ని క్యూసెక్కులు అని ఒక వంపు గీత గీసుకుంటారు. వరద వచ్చినప్పుడు ఎవరూ పడవేసుకుని నడిమికి పోలేరు కాబట్టి ఆ గీతే దిక్కు. అయితే నది అడుగు స్థిరంగా ఉండదు. ఒక పెద్ద వరదకు ఇసుక కదిలిపోతుంది, మిగిలింది లారీలు తోడుకుపోతాయి. నిరుడు నిజం చెప్పిన గీత ఈ ఏడు అబద్ధమాడవచ్చు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు అడ్డుకట్ట లేని నదిలో వచ్చే లెక్క కన్నా బ్యారేజీ దగ్గర వచ్చే లెక్కను ఎక్కువ నమ్ముతారు. అక్కడ అడుగు కాంక్రీటు, కదలదు. ఎగువ మట్టం, దిగువ మట్టం, గేటు ఎత్తిన ఎత్తు, మూడూ తెలిస్తే పారేది లెక్కకొస్తుంది. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ అన్నది వాళ్లకు నోటి లెక్క.

కాశీనగర్ దగ్గర కేంద్ర జల సంఘం గేజీ ఉంది. అక్కడ హెచ్చరిక మట్టం 53.60 మీటర్లు, ప్రమాద మట్టం 54.60 మీటర్లు. ఆ సంఘం 1958లో ఢిల్లీ పాత రైలు వంతెన దగ్గర యమునతో వరద అంచనాలు మొదలుపెట్టింది. తూర్పు నదుల పని భువనేశ్వర్ నుంచి నడుస్తుంది. వర్షాకాలంలో గంటగంటకూ మట్టం నమోదవుతుంది. గుణుపురంలో ఏరు ఎక్కిందంటే కాశీనగర్‌కు, కాశీనగర్‌లో ఎక్కిందంటే గొట్టాకు. పై ఊళ్లో బస్సు బయల్దేరిందని ఫోనొస్తే మన స్టాపుకు ఎప్పుడొస్తుందో లెక్కగట్టుకున్నట్టే. కాకపోతే ఈ బస్సు నిండుగా ఉన్నప్పుడు మరింత వేగంగా వస్తుంది. చిన్న వరదకు పట్టిన సమయాన్ని పెద్ద వరదకు అన్వయిస్తే మోసపోతాం. కాబట్టి సమర్థుడైన అధికారి దగ్గర పాత వరదలన్నిటి పట్టిక ఉంటుంది: ఫలానా తేదీన కాశీనగర్‌లో శిఖరం ఎప్పుడు, గొట్టాలో ఎప్పుడు, నడుమ ఎన్ని గంటలు. 1980 సెప్టెంబరు వరద ఈ పట్టికల్లో ఇప్పటికీ పెద్దన్న.

ఇక్కడే అసలు మెలిక ఉంది. కాశీనగర్ అంకె ఎంత నికార్సైనదైనా అది మొత్తం కథ చెప్పదు. మహేంద్రగిరి వైపు నుంచి పర్లాకిమిడి మీదుగా వచ్చే మహేంద్రతనయ కాశీనగర్‌కు దిగువన, హిరమండలం ప్రాంతంలో వంశధారలో కలుస్తుంది. సుమారు 1,500 మీటర్ల ఎత్తున్న కొండ నుంచి దిగే నీరు నింపాదిగా రాదు. కాశీనగర్‌లో ఏరు నిలబడిందని ఊపిరి పీల్చుకునేలోపు ఈ పక్కనుంచి మరో ఏరు తోసుకురావచ్చు. అందుకే కాశీనగర్ ఫోను పెట్టేసి పర్లాకిమిడికి ఫోను కలిపేవాణ్ని నేను పనిమంతుడంటాను. ఏ అంకెలో ఏముందో తెలిసినవాళ్లు చాలామంది ఉంటారు. ఏ అంకెలో ఏది లేదో తెలిసినవాళ్లు తక్కువ.

వచ్చిన అంకెను అనుమానించడం కూడా ఈ పనిలో భాగమే. ఎగువన వాన పడుతుండగా ఒకే మట్టం ఆరు గంటలపాటు మారకుండా వస్తే సంతోషించకూడదు. గేజీ దగ్గరి మనిషి కునుకు తీసి ఉండవచ్చు, లేదా నీరు ఆఖరి పలకను దాటిపోయి ఉండవచ్చు. ఇప్పుడు రాడార్ సెన్సర్లొచ్చాయి, ఉపగ్రహం ద్వారా కబురు పంపుతాయి. అవీ ఇరుక్కుంటాయి, ఇరుక్కున్నప్పుడు అదే అంకెను ఎంతో నిబ్బరంగా పంపుతూనే ఉంటాయి. కునుకు తీసిన మనిషిని ఒక ఫోనుతో లేపవచ్చు. ఇరుక్కున్న సెన్సరు అబద్ధమాడుతోందని తెలియాలంటే పక్కన ఇంకో మనిషి ఉండాలి. సెన్సరు పెట్టాం కదా అని లస్కరు పోస్టు ఖాళీగా వదిలేసే ఆలోచన ఎవరికొచ్చినా అది పొదుపు కాదు, పొరపాటు.

వాన లెక్కకూ అదే జాగ్రత్త కావాలి. విశాఖపట్నంలో, గోపాల్‌పూర్‌లో డాప్లర్ రాడార్లు ఉన్నాయి, తుపాను హెచ్చరికల కేంద్రం విశాఖలోనే ఉంది. ఎంత పడుతుందో వాళ్లు చెబుతారు. పడినదాంట్లో ఎంత ఏట్లోకి దిగుతుందో చెప్పాల్సింది ఇంజినీరు. జూన్‌లో ఎండిన నేల మీద పడిన పది సెంటీమీటర్లను నేల తాగేస్తుంది. సెప్టెంబరు ఆఖర్లో, వారం రోజులుగా తడిసిన కొండ మీద అదే పది సెంటీమీటర్లు పడితే దాదాపు పడినట్టే దిగుతుంది. అందుచేత ఇవాళ్టి వాన కన్నా గడిచిన ఐదు రోజుల వాన ముఖ్యం. ఐదు రోజుల రిజిస్టరు చేతిలో లేకుండా "ఇవాళ ఎంత పడింది" అనడిగే అధికారి సగం ప్రశ్నే అడిగినట్టు.

ఎగువన ఏం జరిగిందో ముందు అడిగే ఈ పద్ధతికి మన నేల మీద ఒక పెద్ద పూర్వోదాహరణ ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచాక నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన నగరంలో గోడ ఎంతెత్తు కట్టాలన్న దగ్గర మొదలుపెట్టలేదు. నీరు ఎక్కణ్నుంచి వచ్చిందన్న దగ్గర మొదలుపెట్టాడు. ఎగువ ప్రాంతంలోని 788 చెరువుల లెక్క తీస్తే వాటిలో 221 తెగాయని తేలింది. వాన ఎంత పడిందో కాదు, చెరువులు ఒకదాని మీద ఒకటి తెగి ఎలా దిగాయో ఆ లెక్కలోంచి బయటపడింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ పరిశీలన నుంచి పుట్టినవే. ఎగువకు నడిచి వెళ్లి అడగడం అన్న అలవాటు ఇంజినీరింగులో ఎంత పాతదో, ఎంత తేలిగ్గా మరచిపోయేదో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

మరచిపోవడానికి ఒక కారణమూ ఉంది. అమెరికాలో ఎంఐటీకి చెందిన థామస్ అలెన్ ఇంజినీర్లు సమాచారం ఎక్కడి నుంచి తెచ్చుకుంటారో ఏళ్ల తరబడి గమనించి 1977లో ఒక పుస్తకం రాశాడు. కాగితాల కన్నా మనుషుల్నే వాళ్లు ఎక్కువ అడుగుతారని, ఆ అడగడం కూడా దూరం పెరిగేకొద్దీ తగ్గిపోతుందని, బల్లల మధ్య 30 మీటర్లు దాటితే మాటలే బాగా పల్చబడతాయని తేల్చాడు. ప్రయోగశాలలో అది పెద్ద నష్టం కాకపోవచ్చు. ఏటి మీద మాత్రం అవసరమైన మాట పక్క బల్ల మీద ఉండదు. కొండకవతల, మరో రాష్ట్రంలో, మరో భాష మాట్లాడే గేజీ మనిషి దగ్గర ఉంటుంది. వంశధార ఇంజినీర్ల మెచ్చుకోదగ్గ పని ఇదే: సహజంగా అడగబుద్ధి కాని దూరానికి అడిగే అలవాటును ఒక పద్ధతిగా చేసుకున్నారు. రెండు రాష్ట్రాలూ నీటి వాటా మీద ట్రిబ్యునల్ దాకా వెళ్లిన కాలంలోనూ వరద మట్టం కబురు మాత్రం ఆగకూడదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ పద్ధతిని నిలదీసింది. తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానంలో కొబ్బరి చెట్లు పడ్డాయి, కరెంటు స్తంభాలు ఒరిగాయి, సెల్ టవర్లు మూగబోయాయి. గాలి పోయాక నదులు లేచాయి. అటు గజపతి కొండల మీద కుమ్మరించిన వాన వంశధారకూ మహేంద్రతనయకూ దిగింది. ఇచ్ఛాపురం వైపు బాహుదా కూడా పొంగింది. కబురు అత్యవసరమైన ఘడియలోనే కబురు తెచ్చే తీగ తెగుతుందన్నది ఆ రోజు అందరికీ అర్థమైంది. దాన్నుంచి పట్టుకోవలసింది చాలా మామూలు సంగతి. ఫోను లేకపోతే వైర్‌లెస్ సెట్టు. అదీ లేకపోతే ఏ మట్టానికి ఏ గేటు, ఎంత ఎత్తు అన్నది ముందే రాసి బ్యారేజీ మీది మనిషి చేతిలో పెట్టి ఉండాలి. పైవాడి అనుమతి కోసం ఎదురుచూడకుండా అతను ఎత్తగలగాలి. ఎంత సమాచారం తన దగ్గరకు తెప్పించుకున్నాడన్న దాన్ని బట్టి ఒక ఎస్‌ఈని మెచ్చుకుంటుంటారు. తన దగ్గరకు రాకుండానే ఎన్ని నిర్ణయాలు సరిగ్గా జరిగేట్టు ఏర్పాటు చేశాడన్న దాన్ని బట్టి నేను మెచ్చుకుంటాను.

నాగావళి మీద లెక్క మరో రకం. ఇక్కడ తోటపల్లి బ్యారేజీ ఉంది, ఉపనది సువర్ణముఖి మీద మడ్డువలస జలాశయం ఉంది, దిగువన నారాయణపురం ఆనకట్ట, ఆపైన శ్రీకాకుళం పట్టణం. రెండు పైప్రాజెక్టుల ఇంజినీర్లూ ఎవరి మట్టం వాళ్లు చూసుకుని ఎవరికి వాళ్లు సరైన నిర్ణయమే తీసుకోవచ్చు. రెండు సరైన నిర్ణయాల నీళ్లూ ఒకే గంటకు శ్రీకాకుళం వంతెన కిందికి చేరితే మాత్రం పట్టణానికి అది తప్పే. అక్కడ ప్రమాద మట్టం 10.80 మీటర్లు. కాబట్టి ఒకరు రెండు గంటలు ముందు, ఒకరు వెనక వదలాలి. ఎవరు ముందన్నది రెండు చోట్లా చూడగలిగినవాడే చెప్పాలి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక తోటపల్లి పార్వతీపురం మన్యం జిల్లాలోకి, మడ్డువలస ఉన్న వంగర మండలం విజయనగరం జిల్లాలోకి వెళ్లాయి, పట్టణం శ్రీకాకుళంలోనే ఉంది. ఒక ఏటికి ముగ్గురు కలెక్టర్లు. ఏరు ఆ సంగతి పట్టించుకోదు, ఇంజినీర్లు పట్టించుకోక తప్పదు.

చివరి మజిలీలో సముద్రం ఉంది. అమావాస్య, పౌర్ణమి పోటు వేళకు వరద శిఖరం కళింగపట్నం చేరితే మొగ దగ్గర నీరు సముద్రంలోకి దిగక వెనక్కి ఎగదన్నుతుంది. అలాంటప్పుడు పోటుపాట్ల సమయాల పట్టిక కూడా గేజీ రిజిస్టరు పక్కన ఉండాల్సిందే. కరకట్ట ఎక్కడ మెత్తబడిందో, కాలువ తలుపు ఎక్కడ బిగుసుకుందో ఏ రాడారూ చెప్పదు. ఆ గట్టు మీద రోజూ నడిచే రైతు చెబుతాడు. అతనితో ఎండాకాలంలో మాట కలిపి ఉంచుకున్న ఏఈకి వానాకాలంలో అతని ఫోనొస్తుంది.

ఈ రిజిస్టర్లకు వరద దాటాక ఇంకో జీవితం ఉంది. 1962 ఒప్పందం వంశధారలో 115 టీఎంసీలు ఉన్నాయని లెక్కగట్టి రెండు రాష్ట్రాలకూ చెరి సగం అంది. 2017 సెప్టెంబరు 13న ట్రిబ్యునల్ తీర్పు వచ్చేదాకా జరిగిన వాదనలో ఏటా ఈ నదిలో నికరంగా ఎంత పారుతుందన్నదీ ఒక ప్రశ్నే. అలాంటి లెక్క ఏదైనా చివరికి ఏ ఊళ్లోనో ఒక మనిషి లైటు వెలుగులో చదివి రాసిన అంకెల మీదే నిలబడాలి. వంశధార మీద తలపెట్టిన నేరడి బ్యారేజీ భవిష్యత్తు కూడా.

నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఏ కబురు ఎన్ని గంటలకు అందింది, దాన్ని చూసి ఏం చేశారు, చేసింది సరిపోయిందా అన్నది ప్రతి వరద తర్వాతా రాసి, మామూలు జనం చదవగలిగేట్టు అచ్చు వేయాలి. లేకపోతే ముప్పై ఏళ్ల అనుభవం ఎస్‌ఈతో పాటే రిటైరైపోతుంది. తర్వాత వచ్చినవాడు మహేంద్రతనయను మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి. జలవనరుల శాఖ ఆ పని మొదలుపెడితే ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలకు అంతకన్నా మంచి పాఠ్యపుస్తకం ఉండదు.

చదువరులకు ఒక మాట. కేంద్ర జల సంఘం వరద మట్టాలు వెబ్‌సైటులో అందరికీ కనిపిస్తాయి. ఈసారి అల్పపీడనం అన్న మాట వినగానే కాశీనగర్ మట్టం ఒకసారి తెరిచి చూడండి. 54.60కి ఎంత దూరంలో ఉందో చూడండి. ఆ పక్కనే పెరుగుతోందా, నిలకడగా ఉందా, తగ్గుతోందా అని కూడా రాసి ఉంటుంది, ముందు అది చదవండి.